గురువుకు బదులు చెప్పిన శిష్యుడు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం వాళ్లు ఫోన్ చేసి, "మీరు ముప్పై ఏళ్ల పైన డిగ్రీ పిల్లలకు తెలుగు చెప్పారు కదా, సాహిత్యం మీద ఏదైనా మాట్లాడండి. కాకపోతే మీ తర్వాత భోజనాలు" అన్నారు. ఆ రెండో మాటలో ఉన్న హెచ్చరిక నాకు అర్థమైంది. అందుకని ఒకే ఒక్క ప్రశ్న పట్టుకొని వచ్చాను. ఒక పద్యమో నాటకమో చదివి "బాగుంది", "బాగాలేదు" అని మనమందరం అంటాం. "ఎందుకు?" అని మొదట అడిగిందెవరు? దానికి కారణాలతో జవాబు చెప్పిందెవరు? ఐరోపా వరకు ఆ కథ గ్రీసు దేశంలో మొదలవుతుంది. తిరిగి తిరిగి మన హైదరాబాదుకూ వస్తుంది.

మలక్‌పేట వాళ్లకు గ్రీసుతో ఏం పని అనుకోకండి. మన పక్కనే అస్మాన్‌గఢ్ గుట్ట మీద రేమండ్ సమాధి ఉంది. నిజాం కొలువులో సేనానిగా పనిచేసిన ఈ ఫ్రెంచి ఆయన 1798లో చనిపోయాడు. జనం ఆయన్ను మూసా రాం అన్నారని, మూసారాంబాగ్‌కు ఆ పేరే వచ్చిందని పెద్దలు చెబుతారు. ఆ ఎత్తైన రాతి స్తంభం పక్కన వరుస స్తంభాలతో ఒక మంటపం ఉంది కదా, దాన్ని గ్రీకు గుడి పోలికలో కట్టారు. మనం దాని నీడలో కూర్చుని పల్లీలు తిన్నామే గాని ఆ పోలిక ఎక్కడిదని అడగలేదు. గ్రీకుల కట్టడం పోలిక మన పేట దాకా వచ్చినట్టే, వాళ్ల ఆలోచన కూడా మన దాకా వచ్చింది. ముందు అది పుట్టిన చోటికి పోదాం.

క్రీ.పూ. 405. ఏథెన్స్ నగరం. స్పార్టాతో యుద్ధం చివరికొచ్చింది, ఊరు ఓటమి అంచున ఉంది. గొప్ప నాటకకర్తలు సోఫోక్లిస్, యూరిపిడీస్ ఇద్దరూ అప్పటికి కొద్ది నెలల కిందటే పోయారు. అలాంటి సమయంలో అరిస్టోఫనీస్ అనే హాస్య నాటకకర్త "కప్పలు" అనే నాటకం వేశాడు. అందులో నాటకాల దేవుడు డయోనిసస్, ఊళ్లో మంచి కవి ఒక్కడూ మిగలలేదని, చచ్చిపోయిన కవిని వెనక్కి తెచ్చుకుందామని పాతాళానికి పోతాడు. అక్కడ పాత తరం ఎస్కిలస్‌కూ, కొత్త తరం యూరిపిడీస్‌కూ "ఎవరు గొప్ప" అని పోటీ పడుతుంది. దేవుడే తీర్పరి.

ఆ పోటీలో ఒక సరదా ఘట్టం ఉంది. పెద్ద తక్కెడ తెస్తారు. ఒక పళ్లెంలో ఒకాయన తన పంక్తి చెప్పాలి, రెండో పళ్లెంలో రెండో ఆయన. ఏది బరువైతే అది గెలిచినట్టు. మన మలక్‌పేట గంజ్‌లో మిర్చి బస్తాలు తూచినట్టు కవిత్వాన్ని తూస్తారన్నమాట. ఒకాయన తేలికైన మాటలు వేస్తే, రెండో ఆయన నదిని వేస్తాడు, చావును వేస్తాడు, రథాలనూ శవాలనూ వేస్తాడు. తక్కెడ అటే మొగ్గుతుంది. జనం పడి పడి నవ్వి ఉంటారు. కానీ ఆ నవ్వులోనే ఒక గట్టి ప్రశ్న ఉంది. కవిత్వాన్ని దేనితో తూచాలి? మాటల బరువుతోనా? నేర్పుతోనా? ఊరికి చేసే మేలుతోనా? అదే నాటకంలో, కవిని ఎందుకు మెచ్చుకోవాలని అడిగితే, నేర్పు కోసమూ, చెప్పే బుద్ధి కోసమూ, మనుషులను మెరుగుపరచడం కోసమూ అని జవాబు వస్తుంది. చివరికి దేవుడు ఇద్దరినీ, ఈ ఊరు గట్టెక్కే దారి చెప్పమని అడిగి, ఎస్కిలస్‌ను వెంట తీసుకుపోతాడు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. విమర్శ మొదట పండితుల పుస్తకంలో కనబడలేదు. వేల మంది మామూలు జనం కూర్చున్న నాటకశాలలో కనబడింది. గ్రీకులో "క్రినీన్" అంటే తీర్పు చెప్పడం, వేరు చేయడం. విమర్శకుడికి ఇంగ్లీషులో వాడే "క్రిటిక్" అన్న మాట దాని నుంచే వచ్చింది.

ఆ నాటకం ఆడిననాటికి ప్లేటోకు ఇరవై రెండేళ్లు ఉంటాయి. మరో ఆరేళ్లకు, క్రీ.పూ. 399లో, ఆయన గురువు సోక్రటీస్‌కు ఊరివాళ్లే విషమిచ్చి మరణశిక్ష వేశారు. జనం చప్పట్లను నమ్మడం ప్లేటోకు ఇక చేతకాలేదేమో అనిపిస్తుంది. తర్వాత ఆయన రాసిన "రిపబ్లిక్" పదో భాగంలో, తాను ఊహించిన ఆదర్శ నగరంలో కవులకు చోటు లేదన్నాడు. ఊరికే తిట్టలేదు, రెండు అభియోగాలు మోపాడు.

మొదటిది, కవి చూపించేది నకలుకు నకలు. దానికి మంచం ఉదాహరణ ఇచ్చాడు. మంచం అనే భావన ఒకటుంది, అది అసలు. దాన్ని చూసి వడ్రంగి ఒక మంచం చేస్తాడు. ఆ మంచాన్ని చూసి చిత్రకారుడు బొమ్మ వేస్తాడు. ఆ బొమ్మ మీద ఎవరూ పడుకోలేరు. కవి ఆ చిత్రకారుడి లాంటివాడు, నిజానికి మూడో మెట్టు దూరంలో ఉంటాడు. రెండో అభియోగం, కవిత్వం మనలోని ఏడుపుకూ ఆవేశానికీ నీళ్లు పోసి పెంచుతుంది. ఇంట్లో కష్టమొస్తే నిబ్బరంగా ఉండాలనుకునే పెద్దమనిషి నాటకంలో ఏడుపు చూసి తానూ ఏడుస్తాడు, పైగా దాన్ని ఆనందం అనుకుంటాడు. టీవీ సీరియళ్ల గురించి మన ఇళ్లలో పెద్దవాళ్లు చేసే ఫిర్యాదు ఇదే కదా! రెండువేల నాలుగు వందల ఏళ్ల కిందటి ఫిర్యాదు ఇంకా ముసలిది కాలేదు.

కానీ ప్లేటో తలుపు పూర్తిగా మూసెయ్యలేదు. కవిత్వాన్ని ప్రేమించేవాళ్లు, తాము కవులు కాకపోయినా సరే, మామూలు వచనంలో దాని తరఫున వాదించవచ్చన్నాడు. అది హాయినివ్వడమే కాదు, మనుషులకు మేలు కూడా చేస్తుందని చూపిస్తే సంతోషంగా వింటామన్నాడు. నా దృష్టిలో సాహిత్య విమర్శకు చోటు దొరికింది ఇక్కడే. ఒక గురువు గట్టి ఆక్షేపణ చేసి, "జవాబుంటే చెప్పండి" అని పీట వేశాడు.

ఆ పీట మీద కూర్చున్నవాడు ఆయన శిష్యుడే. అరిస్టాటిల్ పదిహేడేళ్ల వయసులో ప్లేటో విద్యాలయానికి వచ్చి, గురువు చనిపోయేదాకా ఇరవై ఏళ్లు అక్కడే ఉన్నాడు. తర్వాతి కాలంలో కవిత్వం మీద ఆయన చెప్పిన పాఠాలే "పొయెటిక్స్" అనే చిన్న పుస్తకంగా మనకు మిగిలాయి. మొత్తం 26 అధ్యాయాలు. హాస్య నాటకం మీద రెండో భాగం ఉండేదంటారు, అది దొరకలేదు. ఈ పుస్తకంలో గురువును పేరు పెట్టి ఎదిరించడం కనిపించదు. అభియోగాలకు మాత్రం ఒకటొకటిగా జవాబు కనిపిస్తుంది.

నకలు అన్నారు కదా, నకలు చేయడం తప్పెలా అవుతుంది? పసిపిల్లలు నేర్చుకునేదే అనుకరణతో అన్నాడు. చూడటానికి అసహ్యమైన జంతువునైనా, శవాన్నైనా, బొమ్మలో చక్కగా వేస్తే మనం ఇష్టంగా చూస్తాం. ఎందుకంటే "ఇది ఫలానా" అని గుర్తుపట్టడంలో, తెలుసుకోవడంలో ఆనందం ఉంది. నిజానికి దూరం అన్నారు కదా, చరిత్రకారుడు జరిగింది చెబుతాడు, కవి జరగగలిగింది చెబుతాడు. చరిత్ర ఒక్కొక్కరి సంగతి చెబితే, కవిత్వం ఇలాంటి మనిషి ఇలాంటి స్థితిలో ఏం చేస్తాడో చెబుతుంది. అందుకే కవిత్వం చరిత్ర కంటే తాత్త్వికమైనది అన్నాడు. ఇక ఏడుపు సంగతి. విషాద నాటకం జాలినీ భయాన్నీ రేపి, వాటికి "కథార్సిస్" కలిగిస్తుంది అన్నాడు. ఆ మాటకు మనసు కడిగినట్టవడమని కొందరు, మనసుకు తేటదనం రావడమని కొందరు అర్థం చెబుతూ ఈనాటికీ వాదించుకుంటున్నారు.

తర్వాత పనివాడి మాదిరిగా నాటకాన్ని విప్పి చూపించాడు. దాని భాగాలు ఆరు: కథా సంవిధానం, పాత్రలు, ఆలోచన, భాష, పాట, రంగాలంకరణ. వీటిలో ప్రాణం లాంటిది సంవిధానం. దానికి మొదలు, నడుమ, చివర ఉండాలి. ప్రతి కథలో ముడి వేయడం ఉంటుంది, ముడి విప్పడం ఉంటుంది. చాలామంది ముడి బాగా వేస్తారు, విప్పడం దగ్గర తేలిపోతారు. మన సినిమాలు సగం ఇంటర్వెల్ తర్వాత ఎందుకు కూలబడతాయో దీనికంటే బాగా ఎవరూ చెప్పలేదు.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది 25వ అధ్యాయం. కవుల మీద జనం వేసే తప్పులకు జవాబు ఎలా చెప్పాలో అందులో ఉంది. ఆడజింకకు కొమ్ములుండవని తెలియక ఒక చిత్రకారుడు కొమ్ములు పెట్టాడనుకోండి. అది తప్పే. కానీ జింకను జింకలా కనబడకుండా వేయడం అంతకంటే పెద్ద తప్పు అంటాడు. మొదటిది తెలియకపోవడం, రెండోది కళలోనే లోపం. ఈ రెండింటినీ వేరు చేయగలిగినవాడే విమర్శకుడు. ఎన్ని సాహిత్య సభల్లో యతి తప్పిందనో, చారిత్రక సంవత్సరం తప్పిందనో ఒక కొమ్ము పట్టుకొని మంచి కావ్యాన్ని మొత్తం కొట్టిపారేయడం చూశాం! అసలు జింక పరుగెడుతోందా లేదా అని ఎవరూ చూడరు.

ఇది విని, ఇదంతా గ్రీకులే కనిపెట్టారా, మనకేం లేదా అని మీరు అడుగుతారని తెలుసు. మనకు భరతుడి నాట్యశాస్త్రం ఉంది, రస సిద్ధాంతం ఉంది. 9వ శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ధ్వని సిద్ధాంతం చెప్పాడు. మన తెలుగులో నన్నయ్యే భారతం ఆరంభంలో తన కవిత్వంలోని గుణాలేమిటో ప్రకటించుకున్నాడు. కాకపోతే చూపులో తేడా ఉంది. గ్రీకులు నాటకాన్ని చూసి, ఇది ఎలా కట్టారని అడిగారు. మనవాళ్లు చూసేవాడి మనసులో ఏం జరిగిందని అడిగారు. వాళ్లు చదువరికి తీర్పరి అని పేరు పెట్టారు. మనవాళ్లు సహృదయుడు అన్నారు, అంటే కవితో సమానమైన హృదయం ఉన్నవాడు. హృదయం లేని తీర్పరి చేదుగా ఉంటాడు. తీర్పు చెప్పలేని సహృదయుడు ప్రతిదానికీ తల ఊపుతాడు. మనకు ఇద్దరూ కావాలి.

ఇప్పుడు హైదరాబాదుకు వద్దాం. అరిస్టాటిల్ మన దాకా రెండు దారుల్లో వచ్చాడు.

ఒకటి అరబ్బుల దారి. 10వ శతాబ్దంలో బాగ్దాదులో అబూ బిష్ర్ మత్తా "పొయెటిక్స్"ను సిరియాక్ భాష నుంచి అరబ్బీలోకి తెచ్చాడు. 12వ శతాబ్దంలో స్పెయిన్‌లోని కార్డోబాకు చెందిన ఇబ్న్ రుష్ద్ దానికి వ్యాఖ్య రాశాడు. నాటకం అనే కళే తమ సాహిత్యంలో లేకపోవడంతో, వాళ్లకు విషాద నాటకమంటే పొగడ్త కవిత్వంగా, హాస్య నాటకమంటే తిట్టు కవిత్వంగా తోచింది. నవ్వకండి. మనకు తెలియని వస్తువును మనకు తెలిసిన సంచిలోనే కదా ముందు పెట్టుకుంటాం! అరిస్టాటిల్‌ను వందల ఏళ్లు చదివి కాపాడిన ఆ సంప్రదాయమే ఉర్దూ చదువుల వెంట మన నగరానికీ వచ్చింది. ఇక్కడ ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంలో మొదలైంది. దాని కోసం అనువాద శాఖ దారుల్ తర్జుమా ఏర్పడింది. ఆ విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే ఇంగ్లీషు చెప్పిన నవలాకారుడు అజీజ్ అహ్మద్ 1940ల తొలినాళ్లలో "పొయెటిక్స్"ను ఉర్దూలోకి తెచ్చారు. మన బడి నుంచి నాలుగైదు మైళ్ల దూరంలో పాఠాలు చెప్పిన మనిషి చేసిన పని అది.

రెండోది ఇంగ్లీషు చదువుల దారి. కేంబ్రిడ్జిలో చదివి వచ్చిన కట్టమంచి రామలింగారెడ్డి 1914లో "కవిత్వతత్త్వ విచారము" వెలువరించారు. ఆధునిక తెలుగు విమర్శకు అది పెద్ద మలుపు. ప్రబంధాల్లో కథకు సంబంధం లేకుండా సాగే వర్ణనలను ఆయన గట్టిగా ప్రశ్నించారు. పింగళి సూరన "కళాపూర్ణోదయం"లో కథ అల్లికను మెచ్చుకున్నారు. అంటే ముడి వేసే, విప్పే నేర్పునే చూశారు. పండితులకు కోపం వచ్చింది, వాదాలు చెలరేగాయి. మంచిదే. అందరూ కారణాలు చెప్పవలసి వచ్చింది.

మన తెలంగాణలో ఇంకో తీరున జవాబు వచ్చింది. నిజాం రాజ్యంలో తెలుగు కవులు పూజ్యమని ఒక పండితుడు రాశాడు. సురవరం ప్రతాపరెడ్డి గారు దానికి కోపంతో వ్యాసం రాసి ఊరుకోలేదు. ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో "గోలకొండ కవుల సంచిక" తెచ్చారు. ఆక్షేపణ చేసినవాడి ముందు 354 సాక్ష్యాలు పెట్టడం! అరిస్టాటిల్ చూస్తే సంతోషించి ఉండేవాడు.

కాబట్టి మిత్రులారా, నేను చెప్పదలచింది ఇంతే. సాహిత్య విమర్శ తప్పులెన్నడంతో మొదలవలేదు, పొగడ్తతోనూ మొదలవలేదు. ఒకరు ఆక్షేపిస్తే మరొకరు ఆధారం చూపించి బదులు చెప్పడంతో మొదలైంది. గురువు అడగనిచ్చాడు, శిష్యుడు మర్యాద తప్పకుండా ఎదురు చెప్పాడు.

ఇది మన బడికి తెలియనిది కాదు. మేము తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు తెలుగు సారు ఒక పద్యం రాగం తీసి చదివి వివరించగానే, వెనక బెంచీ నుంచి ఒకడు లేచి "సార్, ఈ పద్యం నాకు నచ్చలేదు" అన్నాడు. దెబ్బలు పడతాయని మేమంతా తలలు దించుకున్నాం. సారు పుస్తకం మూసి, "సరే. ఎందుకో రేపు చెప్పు. కానీ పద్యంలో మాట చూపించి చెప్పాలె" అన్నారు. వాడు రాత్రంతా ఆ పద్యంతో కుస్తీ పట్టి, మర్నాడు ఒక మాట పట్టుకొచ్చాడు. సారు దానికి జవాబు చెప్పారు. వాడు మళ్లీ అడిగాడు. గంట కొట్టారు. "నీ మాట నేను ఒప్పుకోను, కానీ నువ్వు పద్యం చదివినవు" అన్నారు సారు. ఆ పద్యం మా తరగతిలో నలభై మందికీ ఈనాటికీ కంఠతా వచ్చు. ఎదురు చెప్పినవాడికి మరీ బాగా వచ్చు. వాడు ఇవాళ మూడో వరుసలో కూర్చుని నవ్వుతున్నాడు.

ఇప్పటి సంగతి చెప్తాను. మా పక్కింటి పాప పదో తరగతి. దిల్‌సుఖ్‌నగర్‌లో ట్యూషన్‌కు పోయి వచ్చి, రాత్రి తొమ్మిదింటికి తెలుగు గైడు ముందేసుకొని "కవి భావం" బట్టీ పడుతోంది. "ఆ పద్యం నీకు నచ్చిందా అమ్మా?" అని అడిగాను. నన్ను వింతగా చూసి, "అది పరీక్షలో అడగరు కదా తాతయ్యా" అంది. పాప తప్పేం లేదు. ఏ సారును అనడం కూడా నా ఉద్దేశం కాదు, వాళ్ల మీద సిలబస్ బరువు నాకు తెలుసు. కానీ ఆ పిల్లకు వందకు వంద వచ్చినా పద్యం చదివినట్టు కాదు. "ఎందుకు" అని అడగడం పద్యం దగ్గర నేర్చుకోని పిల్ల, రేపు వాట్సాప్‌లో వచ్చిన వార్త దగ్గర, నాయకుడి ఉపన్యాసం దగ్గర, పెళ్లి సంబంధం దగ్గర మాత్రం ఎట్లా అడుగుతుంది?

అందుకే ఈ స్వర్ణోత్సవం సందర్భంగా నాదొక చిన్న విన్నపం. కొత్త కంప్యూటర్లు ఇద్దాం, మంచినీళ్ల ఫిల్టర్ పెడదాం, సంతోషం. వాటితో పాటు నెలకు ఒక శనివారం, ఒక్క గంట, మన బడి లైబ్రరీలో పిల్లలతో కూర్చుందాం. ఒక పద్యమో, కథో, సినిమా పాటో చదువుదాం. మార్కులు లేవు, బహుమతులు లేవు. నచ్చింది అన్నవాళ్లు ఎందుకో చెప్పాలి. నచ్చలేదు అన్నవాళ్లూ ఎందుకో చెప్పాలి. మాట చూపించి చెప్పాలి, ఎదుటివాడు చెప్పేది పూర్తిగా వినాలి. ఇంతే నియమాలు. డబ్బు అక్కర్లేదు, మనుషులు కావాలి. లెక్కల సార్లూ రావచ్చు, డాక్టర్లూ రావచ్చు, దుకాణం నడిపేవాళ్లూ రావచ్చు. ఏథెన్స్ నాటకశాలలో కూర్చున్నవాళ్లు కూడా అలాంటివాళ్లే. మొదటి శనివారానికి నేను వస్తాను. మూడో వరుసలో ఉన్న మిత్రుడు కూడా వస్తాడని వాడి తరఫున నేనే మాట ఇస్తున్నాను.

ఇక్కడ ఉన్న గురువులకు ఒక్క మాట. ఆ గంటలో పిల్లలు మీతో విభేదిస్తే దయచేసి నొచ్చుకోకండి. ప్లేటో దగ్గర ఇరవై ఏళ్లు చదివినవాడు ప్లేటోకు బదులు చెప్పాడు. దానివల్ల ప్లేటో చిన్నబోలేదు, ఇద్దరి పేర్లూ కలిసే నిలిచాయి.

 భోజనాలకు ఆలస్యం చేశాననిపిస్తే, ఎందుకో కారణం చూపించి విమర్శించండి. జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాను. సెలవు.